పుణెలో కూర్చొని పరకాల చేను చూసుకున్నాను

బాపు పోయాక పరకాల దగ్గరి మా చేను కౌలుకిచ్చాం. నేనుండేది పుణెలో. "పక్కాయన గెట్టు జరుపుతుండు, ఒకసారి వచ్చి చూసుకోరాదురా" అని చిన్నాయన ఫోన్ చేసినప్పుడల్లా టెన్షన్. పోదామంటే సెలవు దొరకదు. పోయినా, పత్తి నడుములెత్తు పెరిగాక ఒడ్డు మీద నిలబడితే నాలుగు సాళ్లు తప్ప ఏమీ కనబడవు. గూగుల్ మ్యాప్‌లో చూస్తే బావి పక్కన వేసిన రేకుల షెడ్డే లేదు, అంత పాత ఫొటో అది.

చిన్నాయన ఇంటి డాబా మీద ఒక డ్రోన్ పెట్టించి, ఇంటర్నెట్‌తో ఇక్కడి నుంచే ఎగరేద్దామనుకున్నాను. తనంతట తానే లేచి, తిరిగొచ్చి తన పెట్టెలో ఛార్జింగ్ పెట్టుకునే డ్రోన్లు వచ్చాయి కదా! ఈ మాటే హనుమకొండలో డ్రోన్లు నడిపే ఒకబ్బాయికి చెబితే నవ్వాడు. "అన్నా, మిషన్ పోతది. రూలే పోనియ్యది." నడిపే మనిషి కంటికి కనబడేంత దూరంలోనే ఎగరెయ్యాలట. వికారాబాద్‌లో 2021లో డ్రోన్లతో మందులు చాలా దూరం పంపారు కదా అని అడిగాను. అది ప్రభుత్వం ప్రత్యేక అనుమతితో చేసిన ప్రయోగం, మన పత్తి చేనుకు ఆ అనుమతి ఎవరిస్తారు అన్నాడు.

సరే, ఎగరేసేది అతను, చూసేది నేను అనుకున్నాం. ఒప్పుకునే ముందు మూడు కాగితాలు వాట్సాప్‌లో పంపమన్నాను: డ్రోన్ రిజిస్ట్రేషన్ నంబర్, అతని పైలట్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. 250 గ్రాముల లోపు బుల్లి డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ అక్కర్లేదు కానీ, అతనిది అంతకంటే పెద్దది, పైగా డబ్బు తీసుకుని చేసే పని. డ్రోన్లు ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మా చేను గ్రీన్ జోన్‌లో ఉంది కాబట్టి 400 అడుగుల వరకు విడిగా అనుమతి అడగనక్కర్లేదు. వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టును మళ్లీ తెరిచే పని నడుస్తోంది కాబట్టి ఆ చుట్టుపక్కల భూములున్నవాళ్లు మాత్రం ఎగరేసే రోజే మ్యాప్ చూసుకోవడం మంచిది.

పొద్దున మంచు విడిచాక లేపారు. రిమోట్ స్క్రీన్ వీడియో కాల్‌లో నాకు కనబడుతోంది. మొదట అంతా పచ్చ దుప్పటే, మా చేను ఏదో కూడా పోల్చుకోలేకపోయాను. "కొంచెం కిందికి దించు తమ్మీ" అన్నాక అసలు సంగతి కనబడింది. మా సాళ్లు తూర్పు పడమరలుగా, పక్కాయనవి ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి. ఆ రెండూ మూల మీది వేపచెట్టు దగ్గర కలవాలి. కలిసింది చెట్టుకు ఇవతల, మా వైపు. చెట్టు మొదలు చుట్టూ అతని పత్తే. కింద నిలబడి ఎన్నేళ్లు చూసినా ఇది తేలేది కాదు.

ఇంతలో మోత విని పక్కాయన వచ్చాడు. "ఏం సర్వే ఇది? మా బాయికాడ ఆడోళ్లు తానం చేస్తరు, కెమెరా ఎందుకు తిప్పుతున్నరు?" ఆయన కోపంలో న్యాయముంది. డ్రోన్ దించేసి, తీసిందంతా అక్కడే ఆయనకు చూపించమన్నాను. ఆ వేపచెట్టు మూల చూశాక ఆయన గొంతు కొంత తగ్గింది. "దున్నేటోడు దున్నిండు, నాకేం తెలుసు" అన్నాడు.

ఈ వీడియో పట్టుకుని గెట్టు పంచాయితీ గెలుద్దామంటే కుదరదు. మామూలు డ్రోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, మా తగాదా కూడా అంతే వెడల్పు. మీ సేవలో సర్వేకు దరఖాస్తు పెట్టాం. సర్వేయర్ టీపన్ (పాత సర్వే కొలతల నక్షా) తెచ్చి, ఇద్దరినీ నిలబెట్టి కొలిచి హద్దులు చూపించాడు. వీడియో ఆయన అడగలేదు, మేమూ చూపించలేదు. కాకపోతే అది చూసిన మనిషి కాబట్టి పక్కాయన కొలతకు అడ్డం రాలేదు, నాకు అదే చాలు. పత్తి ఏరాక ఆ గీత మీద కడీలు నాటించాం.

ఇప్పుడు ఆ అబ్బాయితో ఏటా ఎండాకాలంలో, చేను ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కసారి తీయిస్తున్నాను. బావి దగ్గరి నుంచే లేపాలి, ఎప్పుడూ అదే ఎత్తు ఉండాలి. అప్పుడే పోయినేటి ఫొటో పక్కన పెట్టి చూడొచ్చు. ఎగరేసే ముందు రోజు చిన్నాయన పోయి పక్కాయనకు చెప్పి వస్తాడు.