కేస్ షీట్లలో మారింది రోగమా, రాతా?

వైద్యులు, నర్సులు ఏళ్ల తరబడి రాసిన నోట్సులో ఏ విషయాలు ఏ కాలంలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చాయో మెషీన్ లెర్నింగ్‌తో తెలుసుకునే పని నాకు ఎంతో ఇష్టమైనది. దీనికి చాలామంది ఆశ్రయించే పద్ధతి టాపిక్ మోడలింగ్. డేవిడ్ బ్లై, ఆండ్రూ ఎంగ్, మైఖేల్ జోర్డాన్ 2003లో ప్రచురించిన ఎల్‌డీఏ (లేటెంట్ డిరిక్లే అలొకేషన్) అనే టాపిక్ మోడల్ ప్రతి నోటునూ కొన్ని అంశాల మిశ్రమంగా, ప్రతి అంశాన్నీ తరచూ కలిసి కనిపించే మాటల సమూహంగా లెక్కగడుతుంది. ఆయాసం, కాళ్ల వాపు, ఒంట్లో చేరిన నీటిని తగ్గించే ఫ్యూరోసెమైడ్ అనే మందు పేరు, ఈ మాటలు పదేపదే ఒకే నోటులో కనిపిస్తే అవి ఒక అంశం కిందికి చేరతాయి. దానికి గుండె వైఫల్యమని పేరు పెట్టవలసింది మాత్రం మనిషే. కాలంతోపాటు అంశంలోని మాటలు కూడా మారతాయన్న సంగతిని లెక్కలోకి తీసుకుంటూ 2006లో బ్లై, జాన్ లాఫర్టీ డైనమిక్ టాపిక్ మోడల్‌ను రూపొందించారు.

గ్రాఫు గీసి, ఒక అంశం పెరిగిందని చూపడం ఇప్పుడు సులువే. ఆ పెరుగుదల రోగులలో వచ్చిందా, రాసే తీరులో వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న, దానికి దక్కవలసినంత శ్రద్ధ దక్కడం లేదని నా అభిప్రాయం. ఆసుపత్రిలో చేరినవారు పడిపోయే ప్రమాదం ఉందా అనే గడిని కొత్త ఫారంలో చేర్చారనుకుందాం. ఆ నెల నుంచి ప్రతి నోటులోనూ ఆ మాట ఉంటుంది కనుక, ఒక్కరు కూడా అదనంగా పడకపోయినా ఆ అంశం ఒక్కసారిగా పైకి లేస్తుంది. నిన్నటి నోటును కాపీ చేసి ఇవాళ్టి తేదీ కింద అతికించే అలవాటు వల్ల ఎప్పుడో తగ్గిపోయిన న్యుమోనియా వారం పాటు కొనసాగుతున్నట్టు కనిపిస్తుంది. మానసిక రుగ్మతల నిర్ధారణకు అమెరికా వైద్యులు వాడే గ్రంథం డీఎస్‌ఎం-5, 2013లో వచ్చినప్పుడు ఆస్పర్జర్స్ అనే నిర్ధారణను ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపేసింది. ఆ మాట తగ్గినంత మాత్రాన ఆ మనుషులు తగ్గినట్టు కాదు.

"జ్వరం లేదు, దగ్గు లేదు, ఛాతీ నొప్పి లేదు" అనే వాక్యాన్ని చూడండి. మాటల వరుసను పట్టించుకోని మోడల్‌కు ఇందులో జ్వరం, దగ్గు, నొప్పి మూడూ ఉన్నట్టే. అందుకే లేదన్న లక్షణాలను ముందే గుర్తించి విడదీయాలి, కాపీ అయిన భాగాలను తొలగించాలి, ఆ తర్వాత గ్రాఫు మలుపు తిరిగిన చోట ఇరువైపులా ఉన్న అసలు నోట్సును వైద్యం తెలిసినవారు చదవాలి. ఈ చివరి పనికి ప్రత్యామ్నాయం లేదు.

డేటాలోని తేదీల సంగతి కూడా ముందే చూసుకోవాలి. పరిశోధకులు విస్తృతంగా వాడే మిమిక్-3 అనే వైద్య రికార్డుల డేటాసెట్‌లో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకొనెస్ ఆసుపత్రి ఐసీయూలకు చెందిన 2001-2012 నాటి రికార్డులున్నాయి. గోప్యత కోసం ఒక్కో రోగి తేదీలను వేర్వేరుగా భవిష్యత్తులోకి జరిపారు. ఒకే రోగికి సంబంధించిన సంఘటనల మధ్య వ్యవధి మాత్రం చెక్కుచెదరలేదు. కాబట్టి ఏ సంవత్సరం ఏ అంశం పెరిగిందని దానిలోని తేదీలను అడగలేం. ఐసీయూలో చేరిన తొలి గంటల్లో ఊపిరి, రక్తపోటు గురించిన రాతలు ఏ దశలో నొప్పి నివారణ వైపు, కుటుంబంతో మాట్లాడవలసిన విషయాల వైపు మళ్లుతాయో అడగవచ్చు. నాకు ఈ రెండో ప్రశ్నే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే దాని జవాబు మంచం పక్కన నిలబడిన వైద్యునికి అప్పటికప్పుడే పనికొస్తుంది.