గడ్డ చుట్టూ ఎవరున్నారు?

"ఆ గోధుమరంగు మరకలన్నీ క్యాన్సర్ కణాలు కావమ్మా, మళ్లీ చూడు" అన్నారు మేడం.

తార్నాకలో మా ల్యాబ్. మైక్రోస్కోప్ కింద రొమ్ము గడ్డ స్లైడ్. గడ్డ అంచు పొడవునా గుంపులు గుంపులుగా మాక్రోఫేజ్‌లు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే అవి!

క్యాన్సర్ కణం సీఎస్ఎఫ్-1 అనే సిగ్నల్ పంపి వాటిని దగ్గరికి రప్పించుకుంటుందట. అవి తిరిగి ఈజీఎఫ్ అనే మరో సిగ్నల్ ఇస్తాయి. అది అందగానే క్యాన్సర్ కణం కదులుతుంది, రక్తనాళం వైపు. చదివినప్పుడు మామూలుగానే అనిపించింది కానీ, కళ్లారా చూస్తే ఒళ్లు జలదరించింది.

విత్తనం, అంటే క్యాన్సర్ కణం, ఒక్కటే చాలదు, నేల, అంటే అది చేరే అవయవం, కూడా అనుకూలించాలని లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ 1889లోనే రాశాడు. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు చూసి చెప్పిన మాట అది.

మా పిన్నికి ఆపరేషన్ అయ్యాక "గడ్డ తీసేశారుగా, ఇంకా ఈ కీమో ఎందుకు?" అని ఇంట్లో అందరూ అడిగారు. గడ్డ దాటి వెళ్లిపోయిన కణాలు ఉండొచ్చని అప్పుడు సరిగ్గా చెప్పేవాళ్లు లేరు. ఈ ఆదివారం ఉప్పల్ వెళ్లి పిన్నికి నేనే బొమ్మ గీసి చెప్తాను. ఆవిడకి తెలియాలి.