ఆటోకాడ్‌లో రెండు వృత్తాలు, రెండు గీతలు: ఒకే ఔట్‌లైన్‌గా కలిపిన నా అనుభవం

బెంగళూరు పీణ్యలో లేజర్ కటింగ్‌కి ఇచ్చిన డీఎక్స్ఎఫ్ (డ్రాయింగ్) ఫైలు ఆ సాయంత్రమే తిరిగొచ్చింది. "అన్నా, ఔట్‌లైన్ ఓపెన్‌గా ఉంది, నెస్టింగ్ (రేకు మీద ముక్కల్ని సర్దే సాఫ్ట్‌వేర్) తీసుకోవట్లేదు" అన్నాడు ఆపరేటర్, మన హిందూపురం అబ్బాయే.

ముక్క చిన్నది. 5 మి.మీ. మందం లింక్ ప్లేటు. ఒక చివర 25 రేడియస్, దాంట్లో 20 డయా రంధ్రం. రెండో చివర 15 రేడియస్, 12 డయా రంధ్రం. సెంటర్ల మధ్య 100. స్క్రీన్ మీద అన్నీ అతుక్కునే కనిపించాయి. కానీ లేజర్ కోతకి కొంత వెడల్పుంటుంది. అందులో సగం మేర దారిని బయటికి జరిపి కోస్తేనే కొలత నిలుస్తుంది. గీత మూసుకుని లేకపోతే ఏది లోపలో, ఏది బయటో మెషీన్‌కి తేలదు.

ఫైలు తెరిచి చూస్తే అసలు తప్పు ఇంకా ముందే ఉంది. రెండు వృత్తాల పైకొసలని క్వాడ్రంట్ స్నాప్‌తో (వృత్తం పై, కింద, పక్క కొసల్ని పట్టే సదుపాయం) కలిపాను. రేడియస్‌లు సమానమైతే అది సరిపోయేది. ఇక్కడ 25, 15 కాబట్టి ఆ గీత వృత్తాన్ని తాకి పోదు, పెద్ద వృత్తంలోకి 0.12 మి.మీ. దాకా దిగుతుంది. కోసిన ప్లేటు మీద వేలు పెడితే అక్కడ చిన్న మడత తెలుస్తుంది. లిస్ట్ (గీత వివరాలు చూపే కమాండ్) కొడితే పొడవు 100.50 చూపించింది. నిజమైన స్పర్శరేఖ అయితే 99.50 రావాలి (100 వర్గంలోంచి రేడియస్‌ల తేడా 10 వర్గం తీసేసి, వర్గమూలం).

రెండు గీతలూ చెరిపేశాను. లైన్ కమాండ్ ఇచ్చి, టాన్ (స్పర్శబిందువుని పట్టే స్నాప్) అని టైప్ చేసి పెద్ద వృత్తం పైభాగాన క్లిక్, మళ్లీ టాన్, చిన్న వృత్తం పైభాగాన క్లిక్. రెండోసారి కూడా టాన్ టైప్ చేయాల్సిందే. ఎప్పుడూ ఆన్‌లో ఉండే రన్నింగ్ స్నాప్‌ని నమ్ముకుంటే క్వాడ్రంటో సెంటరో ముందు పట్టేసుకుంటుంది. కింది గీతా ఇలాగే.

తర్వాత ట్రిమ్‌తో వృత్తాల లోపలి వైపు ముక్కలు తీసేయాలి. ఆటోకాడ్ 2021 వెర్షన్ నుంచి ట్రిమ్ మామూలుగా క్విక్ మోడ్‌లో ఉంటుంది. అందులో దేన్నీ ఖండించని వృత్తం మీద పొరపాటున క్లిక్ చేస్తే అది మొత్తంగా పోతుంది, అంటే రంధ్రం మాయం. అందుకే రంధ్రాలని వేరే లేయర్‌లో పెట్టి లాక్ చేశాను.

కలిపే ముందు ఓవర్‌కిల్ (డూప్లికేట్ గీతల్ని తీసేసే కమాండ్) నడపండి. ఒకదాని మీద ఒకటి పడిన గీతలు కంటికి ఒకటే, లేజర్ మాత్రం రెండుసార్లు కోస్తుంది.

ఇక ముక్కల్ని ఒకే గీతగా (పాలీలైన్) కలిపే పీఎడిట్. ఎం కొట్టి మల్టిపుల్, నాలుగు ముక్కలూ ఎంచుకుని, పాలీలైన్‌గా మార్చాలా అంటే అవునని వై కొట్టి, తర్వాత జాయిన్. ఫజ్ డిస్టెన్స్ (ఎంత ఖాళీ దాకా కలపాలో) అడిగితే ముందు 0 ఇవ్వండి. 3 సెగ్మెంట్లు చేరాయని వస్తే నాలుగూ ఒకే గీతయినట్టే, కానీ ఒక మూల ఇంకా తెరిచి ఉండొచ్చు, అది చివర్లో లిస్ట్‌లో తేలుతుంది. అంతకంటే తక్కువ వస్తే ఒకటి కంటే ఎక్కువ మూలలు తెరిచి ఉన్నాయి. చాలామంది అక్కడ ఫజ్ 1 అనో 2 అనో ఇచ్చి గట్టెక్కుతారు, నేను ఒప్పుకోను. అది కొసలని లాగి కలుపుతుంది, దాంతో ఇంత కష్టపడి తెచ్చిన స్పర్శ చెదురుతుంది. గీత మళ్లీ వేయడమే మేలు.

సున్నా ఖాళీ ఉన్నా కలవకపోతే ప్రాపర్టీస్‌లో జెడ్ (ఎత్తు) చూడండి. పాత డ్రాయింగ్ నుంచి తెచ్చిన గీత 0.4 ఎత్తులో ఉంటే పైనుంచి చూసినప్పుడు తెలియదు, పాలీలైన్ మాత్రం దాన్ని చేర్చుకోదు. అన్ని జెడ్‌లూ 0 చేయాలి. దీర్ఘవృత్తపు ముక్కలుంటే ఇంకో చిక్కు: జాయిన్ కమాండ్ వాటిని కలిపి స్ప్లైన్ (ఆర్క్‌లు కాని వంపు గీత) చేస్తుంది. లేజర్‌కి ఆర్క్‌లే హాయి.

కలిశాక లిస్ట్ కొట్టాను: క్లోజ్డ్, చుట్టుకొలత 326.66, వైశాల్యం 5355.19. కాగితం మీద వేసిన లెక్కతో సరిపోయింది.

2000 ఫార్మాట్ డీఎక్స్ఎఫ్‌గా సేవ్ చేసి పంపాను. తెరవగానే సెంటర్ల మధ్య కొలవమని ఆ అబ్బాయికి చెప్పాను. 2540 చూపిస్తే వాళ్ల సాఫ్ట్‌వేర్ ఇంచీల్లో తెరిచినట్టు, అక్కడే మిల్లీమీటర్లకి మార్చుకోవాలి.