ఏట్రియస్ ఇంటి పగ

ప్రొద్దుటూరులో మా అవ్వ చాట ముందేసుకొని చెనిక్కాయలు ఒలుస్తుంటే గ్రీకు కథ చెప్పినా. టాంటలస్ అనే రాజు కన్నకొడుకు పెలాప్స్‌ను నరికి దేవతలకు వండిపెట్టాడు. వాళ్లు పిల్లాణ్ణి బతికించారు గానీ, డిమీటర్ అనే దేవత తెలీక తినేసిన భుజానికి బదులు దంతపు భుజం పెట్టారు. అవ్వ చేయి ఆగలేదు.

పెలాప్స్ కొడుకులు ఏట్రియస్, థయెస్టిస్. భార్యను తమ్ముడు లోబరచుకున్నాడని ఏట్రియస్ రాజీకని పిలిచి, తమ్ముడి పిల్లలనే వండి అతనికి వడ్డించాడు.

"రాజీకని పిలిచి, ఇస్తరి ముందర కూర్చోబెట్టా?" చాట పక్కన పెట్టేసింది. పిల్లల్ని చంపడం కంటే ఇదే ఆమెకు ఎక్కువ మండింది.

మిగతాది గబగబా చెప్పినా. ఏట్రియస్ కొడుకు అగమెమ్నాన్ యుద్ధానికి పోయే ఓడలకు గాలి కోసం కూతుర్ని బలిచ్చాడు, భార్య అతన్ని చంపింది, కొడుకు ఒరెస్టిస్ తల్లిని చంపాడు.

"ఆ తల్లి పక్క మాట్లాడిందెవరు?"

క్రీ.పూ. 458లో ఏథెన్స్‌లో ఆడిన ఎస్కిలస్ నాటకంలో పగదేవతలు మాట్లాడతారు. తల్లిని చంపినందుకు జరిగిన విచారణలో ఓట్లు సమానమై ఒరెస్టిస్ బయటపడతాడు. కోపమొచ్చిన ఆ దేవతలకు ఏథెన్స్ ఊరి దేవత ఎథీనా ఆ ఊళ్లోనే చోటిచ్చి పూజలు ఒప్పుకుంటుంది.

"గంగమ్మను శాంతింపజేసినట్టు చేసినారనుకో," అంది అవ్వ.