19 పుల్లల కట్ట

మా అబ్బాయికి పదమూడేళ్లు. న్యూజెర్సీలో వాడి డ్రమ్స్ ఉండేది బేస్‌మెంట్‌లో. పైన వంట చేసుకుంటున్న నాకు కాళ్ల కింద ఎవరో అటుకులు దంచుతున్నట్టు వినిపిస్తుంది, అంతే. ఈసారి వేసవి సెలవులు రెండు నెలలూ విశాఖపట్నంలోనే అనగానే వాడు అడిగిన మొదటి మాట, "అమ్మమ్మ వాళ్లింట్లో నేను డ్రమ్స్ ఎక్కడ ఆడాలి?" మా నాన్న ఫోనులోనే సరిదిద్దారు. "ఆడేది కాదురా, వాయించేది."

ఎంవీపీ కాలనీలో మా అమ్మానాన్నలది మూడో అంతస్తు. అక్కడ బేస్‌మెంట్ అంటే స్కూటర్లు పెట్టుకునే చోటు. మా మేనమామ కొడుకు ఇంజినీరింగ్ చదివే రోజుల్లో కొని వదిలేసిన డ్రమ్స్ తెప్పించి హాల్లో ఒక మూల పెట్టారు. నాకేమీ దిగులు లేదు. పెళ్లి ఊరేగింపులు, వినాయకుడి పందిళ్లు, తెల్లవారక ముందే మొదలయ్యే గుడి మైకులు, వీటన్నిటి నడుమ ఒక పిల్లవాడి డ్రమ్స్ ఎవరికి వినిపిస్తాయి అనుకున్నాను. వాడికీ అదే చెప్పి తీసుకొచ్చాను.

మొదటిరోజు పావుగంట గడిచిందో లేదో, కింది అంతస్తు మాస్టారు మెట్లెక్కి వచ్చారు. కోపంగా కాదు, ఆరాగా. "ఏమ్మా, ఇంట్లో ఏదైనా శుభకార్యమా?"

"లేదండీ, అబ్బాయి ప్రాక్టీసు చేసుకుంటున్నాడు."

"ప్రాక్టీసా? దేనికి?"

దేనికని చెప్పను? ఆయన వెళ్లాక చాలాసేపు ఆలోచించాను. మేముండే చోట చప్పుడుకు వేళ ఉంటుంది. వేళ దాటితే పుట్టినరోజైనా పండుగైనా పక్కింటివాళ్లకు ఒకటే. ఇక్కడ చప్పుడుకు కారణం ఉండాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకులు వాడకూడదని 2000 సంవత్సరం నాటి నిబంధనలు ఉన్నాయి. అయినా పక్కింట్లో పెళ్లంటే ఎవరూ గడియారం చూడరు. పట్టపగలు ఒక పిల్లవాడు ఒక్కడే కూర్చుని అవే నాలుగు దెబ్బలు నలభైసార్లు వేస్తుంటే మాత్రం అది ఏ లెక్కలోకీ రాదు. ఇన్నేళ్లు ఇక్కడే పెరిగిన నాకు ఇది తట్టలేదు.

మరునాడు వాడు సూట్‌కేసులోంచి పుల్లల కట్టలు రెండు బయటికి తీశాడు. మా అమ్మ కళ్లజోడు సవరించుకుని, "ఇవేమిటే, అమెరికా నుంచి చీపుళ్లు మోసుకొచ్చారా?" అంది. చూడటానికి నిజంగా అలాగే ఉంటాయి. వీటిని రాడ్లు అంటారు. సన్నని బర్చ్ చెట్టు చెక్క పుల్లలు 19 కలిపి, పట్టుకునే చోట గట్టిగా బిగించి, కర్రంత పొడవున కట్టినవి. కర్రతో కొడితే బరువంతా ఒకే చోట, ఒకే క్షణంలో పడుతుంది. ఈ కట్టతో కొడితే దెబ్బ కాస్త వెడల్పుగా చెదురుతుంది, పుల్లలు కొద్దిగా వంగి కొంత బలాన్ని తామే మింగేస్తాయి. ఇంకా మెత్తగా కావాలంటే తీగల బ్రష్షులు ఉన్నాయి. కర్రకూ బ్రష్షుకూ మధ్యలో ఉండేది రాడ్డు.

మా వాడు నాకు చూపించినదాంట్లో నాకు బాగా నచ్చింది ఆ కట్ట మీద జరిగే రబ్బరు ఉంగరం. దాన్ని కొసవైపు జరిపితే పుల్లలు దగ్గరపడి చప్పుడు బిగువుగా, గట్టిగా వస్తుంది. పిడివైపు లాగితే పుల్లలు విచ్చుకుని 'ఛస్' అని మెత్తగా పడుతుంది. మా నాన్న ఆ ఉంగరాన్ని బొటనవేలితో అటూ ఇటూ జరుపుతూ ఒక సాయంత్రమంతా కుర్చీ చేతి మీద వాయించారు. ఆయన ఉక్కు కర్మాగారంలో రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. కర్రలతో గట్టిగా వాయిస్తే డ్రమ్స్ దగ్గర 100 డెసిబెల్స్ దాటడం మామూలేనని మనవడు చెప్పగానే లేచి బీరువా వెతికి, మిల్లులో వాడగా మిగిలిన చెవి బిరడాలు తెచ్చి వాడి చేతిలో పెట్టారు. "ఊరి చెవుల సంగతి తర్వాత, ముందు నీవి చూసుకో."

వారం తిరగకుండానే ఒక కట్టలో మూడు పుల్లలు విరిగాయి. తప్పు వాడిదే. స్నేర్ డ్రమ్ (వాయించేవాడి ముందుండే చిన్న డ్రమ్ము) అంచునూ చర్మాన్నీ కలిపి ఒకేసారి కొట్టే అలవాటు కర్రలకు చెల్లుతుంది కానీ రాడ్లకు కాదు. జగదాంబ కూడలి దగ్గర ఒక వాయిద్యాల దుకాణంలో అడిగితే రెండు రకాలు చూపించారు. వెదురువి తేలిగ్గా ఉన్నాయి, అంత సులువుగా చీలేటట్టు లేవు. ప్లాస్టిక్ పోచలవి ఇంకా ఎక్కువ కాలం వస్తాయట, కానీ దెబ్బ పడినప్పుడల్లా ప్లాస్టిక్ గొంతే వినిపిస్తోంది. నేను మన్నేవే కొందామన్నాను. వాడు రెండింటినీ దుకాణం బల్ల మీదున్న డ్రమ్స్ తాళం (సింబల్) మీద మార్చి మార్చి వాయించి, వెదురువి తీసుకున్నాడు. జూలై ఉక్కపోతకు చేతులు జారుతున్నాయని పిడికి బ్యాడ్మింటన్ రాకెట్ టేపు చుట్టాం.

రాడ్లతో పోయేవి కూడా ఉన్నాయి. పెద్ద తాళం మీద కర్ర మొన వేసే 'టింగ్' పోతుంది, గాలి వీచినట్టు ఒక ఊపిరి మిగులుతుంది. దెబ్బ తిరిగి ఎగరదు కాబట్టి మణికట్టుకు పని ఎక్కువ. అందుకే వాడి టీచరు రాడ్లతోనే గడిపేయవద్దని, రోజూ కాసేపైనా రబ్బరు ప్యాడ్ మీద కర్రలతో వేళ్లు సాధన చేయమని పంపించాడు. ఆ అరగంట నాకు అన్నిటికంటే హాయి.

అసలు తంటా మరోచోట ఉంది. మాస్టారు రెండోసారి వచ్చి, "పైన మెత్తబడిందమ్మా, కింద మాత్రం మా మంచం కదులుతోంది" అన్నారు. చేతుల్లో ఏం పట్టుకున్నా కాలు మారదు కదా. పెడల్ నొక్కినప్పుడల్లా పెద్ద డ్రమ్ము మీద పడే గుద్దు నేలలోంచి దిగి స్లాబు గుండా కిందికి పోతుంది. ఆ గుద్దుకు రాడ్లేం చేస్తాయి? అమ్మ తన పాత నేత చీరలతో కుట్టిన బొంతను మడిచి డ్రమ్ము పొట్టలో కూరింది. కింద రబ్బరు చాప, దాని మీద ఇంకో బొంత. మొత్తం సరంజామాను హాల్లోంచి వెనక గదికి మార్చాం, దాని కింద మాస్టారిది వంటగది. వేళ కూడా ఆయన్నే అడిగాం. సాయంత్రం అయిదున్నర, ఆయన బీచ్ వైపు నడకకు బయలుదేరే సమయం.

ఇంతలో ఆషాఢ పౌర్ణమి వచ్చింది. సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ మా కాలనీ మీదుగానే పోతుంది. ఆ రాత్రి వీధి నిద్రపోదు. అమ్మ, వాడు గేటు ముందు మజ్జిగ పంచుతున్నారు. చెప్పులు లేని కాళ్ల గుంపుల మధ్య నలుగురు డప్పులతో వచ్చారు. మా వాడు గ్లాసులు వదిలేసి వాళ్ల వెంట వీధి చివరి దాకా నడిచి వెళ్లాడు. తిరిగొచ్చి ఒకటే ప్రశ్న: కుడిచేతిలో పొట్టి లావు కర్ర, ఎడమచేతిలో సన్న పుల్ల, రెండూ ఒకటి కావేం? పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్న మాస్టారు, "లావుది సిర్ర, సన్నది సిటికెన పుల్ల. ఒకటి మాట, ఒకటి ఊఁ కొట్టడం" అన్నారు. 'ఊఁ కొట్టడం' వాడికి అర్థం కావడానికి నేను కథ చెబుతున్నట్టు, వాడు వింటున్నట్టు నటించాల్సి వచ్చింది.

మర్నాటి నుంచి కుడిచేతిలో మామూలు కర్ర, ఎడమచేతిలో విరిగిన పుల్లలు తీసేయగా సన్నబడిన పాత బర్చ్ కట్ట. ఏ తరగతిలో నేర్పిన పద్ధతీ కాదది. చప్పుడు కాస్త పెరిగింది. నేను అడ్డు చెప్పలేదు, గుమ్మం మాత్రం మూశాను.

మేం తిరుగు ప్రయాణానికి సర్దుకుంటుండగా మాస్టారు మూడోసారి పైకి వచ్చారు. మోకాలి నొప్పితో నాలుగు రోజులుగా నడకకు వెళ్లడం లేదట. నా గుండె గతుక్కుమంది. ఆయన నన్ను దాటుకుని నేరుగా వెనక గదికి వెళ్లి స్టూలు మీద కూర్చున్నారు.

"బాబూ, చేతులు నాకు కిందికి వినిపించవు. కాలు వినిపిస్తుంది. మూడో దెబ్బ దగ్గర ప్రతిసారీ ఆలస్యం అవుతోంది, చూసుకున్నావా?"

వాడు నా వైపు చూశాడు. నేను తెలుగులోంచి తెలుగులోకే అనువదించాను. ఆ సాయంత్రం రాడ్లు రెండూ సూట్‌కేసులో పెట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, అరగంట సేపు కాలు ఒక్కటే వాయించాడు.