"గోడకుర్చీ వేసి చూపించు" అన్నారు: ర్యాగింగ్ ఫిర్యాదులో మా అనుభవం

మొన్ననే ఆర్డర్ కాపీ చేతికొచ్చింది. మా అబ్బాయిని ర్యాగింగ్ చేసిన ఇద్దరు సీనియర్లను హాస్టల్ నుంచి పంపేశారు, ఒక సెమిస్టర్ సస్పెండ్ కూడా చేశారు. ఇంట్లో అందరం ఇప్పుడే కాస్త ఊపిరి పీల్చుకున్నాం.

ఫిర్యాదు చేయడం తేలికే. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. మావాడు చేశాడు, కంప్లయింట్ నంబరు ఇచ్చారు, విషయం కాలేజీకి చేరింది. వార్డెన్‌కి మాత్రం నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. మా వార్డెన్ "చూద్దాం సార్, పిల్లలు కదా" అంటూ రోజులు నెట్టుకొచ్చాడు. కాగితం మీద రాసివ్వండి, ఆఫీసు ముద్ర వేయించుకున్న కాపీ దగ్గరుంచుకోండి.

అసలు నరకం ఫిర్యాదు విచారించే కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీ ఎదుటే. గదిలో ఆ సీనియర్లిద్దరినీ మావాడికి ఎదురుగా కూర్చోబెట్టారు. కమిటీలో ఒక పెద్దమనిషి అదే కాలేజీ పూర్వ విద్యార్థి. రాత్రిళ్లు సీనియర్ల రికార్డులు రాశానని, రాయనన్న రోజు గోడకుర్చీ వేయించారని మావాడు చెప్తుంటే ఆయన నవ్వుతూ తన హాస్టల్ కథలు ఎత్తుకున్నారు. అగ్గిపుల్లతో వరండా కొలవడం, సీనియర్ ఎదురైతే తలెత్తకుండా తన చొక్కా మూడో గుండీ చూస్తూ నిలబడటం, ఇంట్రో, అంటే తనని తాను పరిచయం చేసుకోవడం, వాళ్లకి నచ్చే దాకా మళ్లీ మళ్లీ చెప్పడం. "అవన్నీ మాకు తీపి జ్ఞాపకాలండీ. ఆ సీనియర్లే తర్వాత మాకు ఉద్యోగాలు చూపించారు" అన్నారు. అంతటితో ఆగకుండా మావాడి వైపు తిరిగి, "ఏదీ, గోడకుర్చీ ఎలా వేశావో ఓసారి వేసి చూపించు" అన్నారు.

మావాడు లేచి వెళ్లి గోడకి వీపు ఆనించాడు. మోకాళ్లు వంచుతుంటే కాళ్లు వణకడం నాకు కనిపిస్తోంది. ఎదురుగా ఉన్న ఇద్దరిలో ఒకడు నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాడు. పెద్దవాడు చెప్తే ఎందుకని కూడా అడగకుండా చేసేసేలా నా కొడుకుని తయారుచేశారు. "లే నాన్నా" అని చెయ్యి పట్టుకుని లేపాను.

తర్వాత నేనే మాట్లాడాను. యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల ప్రకారం జూనియర్ చేత రికార్డులు రాయించుకోవడం కూడా ర్యాగింగే. మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టం ఉంది. అవమానించినా ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఫిర్యాదు అందాక కాలేజీ అధిపతి పట్టించుకోకపోతే ఆయన కూడా నేరానికి సాయపడినట్టే లెక్క. ఈ చివరి మాట గట్టిగా చదివాకే ప్రిన్సిపల్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ఆ పేజీలు ప్రింట్ తీసుకెళ్లడం నేను చేసిన మంచి పని. మీరూ తీసుకెళ్లండి, ఫోన్లో చూపిస్తే ఎవరూ చూడరు.

నేనూ తొంభైల్లో హాస్టల్లో గోడకుర్చీలు వేసినవాణ్ణే. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ ఆ కబుర్లే, ఆ నవ్వులే. మా పక్కగది కుర్రాడు మాత్రం ఫ్రెషర్స్ పార్టీ దాకా కూడా ఆగలేక పెట్టె సర్దుకుని ఊరెళ్లిపోయాడు. మళ్లీ చదవలేదు. ఆ గ్రూపులో వాడు లేడు, ఎవరూ వాడి ఊసెత్తరు. సిల్వర్ జూబిలీకి డబ్బులు పంపమని మెసేజ్ వస్తే ఈ మాటే రాసి, రానని చెప్పేశాను. ఇద్దరు కోపంతో ఫోన్ చేశారు. చేసుకోనివ్వండి.

మావాణ్ని వేరే బ్లాకుకి మార్చారు. ఆ పెద్దమనిషి మాత్రం ఇంకా కమిటీలోనే ఉన్నారు. ఆయన్ని తీసేయమని యూనివర్సిటీకి రాసిచ్చాను, ముద్ర వేసిన కాపీ నా దగ్గరుంది. జవాబు రాకపోతే మళ్లీ వెళ్తాను.