రెండో మాత్ర ఎందుకిచ్చారో నేను అడగలేదు

నెలసరి ఆగి ఏడాది దాటేసరికి నాకు 51 ఏళ్ళు. ఆగినందుకు బెంగేం లేదు కానీ ఆ తర్వాత పట్టుకున్న ఆవిర్లు మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. గుండెల దగ్గర సెగలా మొదలై మెడ మీదుగా ముఖానికి పాకేది, రెండు మూడు నిమిషాల్లో బట్టలు తడిసిపోయేవి, అంతలోనే వణుకు. రాత్రికి నాలుగైదు సార్లు ఇదే వరస. నిద్ర లేక పగలు చిన్న మాటకే కళ్ళనీళ్ళు వచ్చేవి. ఈ వయసులో అందరికీ ఉండేదేగా అని ఎవరిని కదిపినా అన్నారు, నేనూ పది నెలలు అలాగే సర్దిపెట్టుకున్నాను. అన్నాళ్ళు ఊరికే ఓర్చుకోవాల్సిన అవసరం లేదని ఇప్పుడు గట్టిగా చెప్తాను.

గైనకాలజిస్టు మొదటిరోజు చాలా ప్రశ్నలే అడిగారు. కాళ్ళలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా, ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా, గుండెపోటు, పక్షవాతం, లివర్ జబ్బు లాంటివి ఉన్నాయా, నెలసరి ఆగాక మళ్ళీ ఎప్పుడైనా రక్తం కనిపించిందా అని. బీపీ చూసి, మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే) చేయించి, అప్పుడు రెండు హార్మోన్ మందులు రాశారు. పొద్దున చేతికి రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్, రాత్రి పడుకునే ముందు 100 మిల్లీగ్రాముల ప్రొజెస్టెరాన్ మాత్ర. నాకు బరువు ఎక్కువ, బీపీ కూడా కాస్త ఉంది, అందుకే నోటి మాత్ర బదులు జెల్ ఇస్తున్నానన్నారు. మింగిన ఈస్ట్రోజెన్ ముందు లివర్‌లోకి వెళ్తుంది, దానివల్ల రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది, చర్మం నుంచి నేరుగా రక్తంలో కలిస్తే ఆ ముప్పు అంతగా ఉండదట. జెల్ గురించి ఇంత వివరంగా విన్నాను కానీ ఆ రెండో మాత్ర ఎందుకో అడగాలని నాకు తోచలేదు. ఆవిడ చెప్పే ఉంటారు, నా చెవికెక్కలేదు.

మూడు నాలుగు వారాల్లో ఆవిర్లు బాగా తగ్గాయి. ఒక రాత్రి పడుకుంటే తెల్లవారాకే మెలకువ వచ్చింది, ఆ రోజు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

ఇబ్బంది అంతా రాత్రి మాత్రతోనే. పొద్దున లేస్తే తల దిమ్ముగా, పొట్ట ఉబ్బరంగా ఉండేది. ఆ మాటే మా అక్కతో అంటే, "నాకు ఒక్క ఈస్ట్రోజెనే ఇచ్చారే, నాలుగేళ్ళ నుంచి వాడుతున్నా, బాగానే ఉన్నాను" అంది. ఆవిర్లు తగ్గించేది జెల్లే కదా, ఇది లేకపోతే ఏమవుతుందిలే అనుకుని మాత్ర ఆపేశాను. డాక్టర్‌కి ఫోన్ చేసి ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. మూడు నెలలకోసారి రమ్మన్నా, బాగానే ఉన్నాను కదా అని వెళ్ళలేదు. మా అక్కకి ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో క్యాన్సర్ కాని గడ్డలు) వచ్చి 44వ ఏట గర్భసంచి తీసేశారు. నాకు గర్భసంచి ఉంది. మొత్తం సంగతి ఈ తేడాలోనే ఉందని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

అలా ఎనిమిది నెలలు గడిచాక లోపలి బట్టల మీద కొంచెం మరక కనిపించింది. తర్వాత నాలుగు రోజులు నెలసరిలాగే అయ్యింది. పాత నెలసరే ఇంకోసారి వచ్చిందేమో అనుకుని మూడు వారాలు ఊరుకున్నాను, మళ్ళీ వచ్చాక గానీ భయం వేయలేదు. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా, దయచేసి నాలాగా మూడు వారాలు ఆగకండి. హార్మోన్ మందులు కొత్తగా మొదలుపెట్టిన మూడు నుంచి ఆరు నెలల్లో కొంచెం కనిపించడం మామూలేనట, అయినా అది డాక్టర్‌కి తెలియాలి.

స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర 13 మిల్లీమీటర్లుంది. నెలసరి ఆగినవాళ్ళకి రక్తం కనిపించినప్పుడు 4 లోపు ఉంటే భయం తక్కువంటారు. జెల్ వెంటనే ఆపించి, బయాప్సీకి, అంటే ల్యాబ్‌లో పరీక్షించడానికి, ఆ పొరలోంచి చిన్న ముక్క తీశారు. రిపోర్టు వచ్చేవరకు పదిరోజులు నేను ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, ఆవిర్లు కూడా మునుపటిలాగే తిరిగొచ్చాయి. రాత్రిళ్ళు మా ఆయన లేచి ఫ్యాన్ పెంచి, పక్కన కూర్చునేవారు.

క్యాన్సర్ కాదు. పొర మందమైంది, కానీ కణాల్లో చెడు మార్పులు లేవు. అప్పుడు డాక్టర్ కాగితం మీద గర్భసంచి బొమ్మ గీసి చెప్పారు. "అమ్మా, ఈస్ట్రోజెన్ ఈ పొరని పెంచుతూనే ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టేది ప్రొజెస్టెరాన్. గర్భసంచి ఉన్నవాళ్ళు ఒట్టి ఈస్ట్రోజెన్ వాడితే ఆ పొరలో క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుందని 1975లోనే తెలిసింది. మీ అక్కగారికి గర్భసంచే లేదు, అందుకని ఆవిడకి రెండోది అక్కర్లేదు." ఆవిడ నన్ను తిట్టలేదు. మాత్ర పడకపోతే వేరే దారులున్నాయి, చెప్పకుండా మాత్రం ఆపొద్దన్నారు.

మా ఆయన ఇక ఈ హార్మోన్లే వద్దన్నారు. 2002లో అమెరికాలో పెద్ద పరిశోధనని మధ్యలోనే ఆపేశారని, రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఎక్కడో చదివారు. డాక్టర్ దానికీ ఓపిగ్గా జవాబిచ్చారు. ఆ పరిశోధనలో పాల్గొన్నవాళ్ళ సగటు వయసు 63, వాళ్ళకిచ్చింది వేరే రకం మాత్రలు, రెండు హార్మోన్లూ వాడినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ ఏడాదికి 10 వేల మందిలో 8 మందికి ఎక్కువగా వచ్చిందట. ముప్పు లేదని ఆవిడ అనలేదు, ఎన్నేళ్ళు వాడితే అంత పెరుగుతుందన్నారు. అరవై లోపు, నెలసరి ఆగిన పదేళ్ళ లోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకి సాధారణంగా నష్టం కంటే లాభమే ఎక్కువని కూడా చెప్పారు. నాకైతే ఆ లెక్క విన్నాకే మనసు కుదుటపడింది, భయపెట్టే మాటల కంటే అంకెలే నాకు మేలనిపించాయి.

నాకు గర్భసంచిలో హార్మోన్ కాయిల్ వేశారు, అంటే ప్రొజెస్టెరాన్ లాంటి మందుని కొంచెం కొంచెంగా వదిలే చిన్న సాధనం. వేసేటప్పుడు నొప్పి బాగానే పుట్టింది, రెండు రోజులు పొత్తికడుపు లాగింది. ఆ మందు నేరుగా పొర మీదే పనిచేస్తుంది కాబట్టి మాత్రతో వచ్చిన దిమ్ము నాకు దీనితో రాలేదు. ఆరు నెలలకి బయాప్సీ చేస్తే పొర మామూలుగా ఉంది, ఇంకో ఆరు నెలలకీ అంతే. మొదటి రిపోర్టు బాగున్నాకే జెల్ మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి తక్కువ డోసుతో.

ఇప్పుడు జెల్ స్నానం చేసి ఒళ్ళు బాగా ఆరాక చేతికి రాసుకుంటాను, రొమ్ముల మీద అస్సలు రాయకూడదు. ఐదు నిమిషాలు ఆరనిచ్చి, అరచేతులు సబ్బుతో కడుక్కుని, ఆ తర్వాతే బట్టలు వేసుకుంటాను. మన చర్మం నుంచి మందు పిల్లలకి అంటుకుంటుంది, అందుకే మనవరాలు పరిగెత్తుకొచ్చినా ఆ గంటసేపు ఆ చేత్తో ఎత్తుకోను. యోని పొడిబారితే లోపల వాడే తక్కువ డోసు ఈస్ట్రోజెన్ క్రీము సంగతి వేరు, దానికి సాధారణంగా రెండో హార్మోన్ అక్కర్లేదని చెప్పారు, అయినా నేను అడిగాకే మొదలుపెట్టాను.

కాయిల్ ఐదేళ్ళకి మార్చాలి, ఆ తేదీ నా దగ్గరా మా ఆయన ఫోన్లోనూ ఉంది. వచ్చే నెల మామోగ్రామ్. మొన్న మా అక్క తన మందుల చీటీ ఫోటో పంపి, "ఇందులో ఏదేదెందుకో ఒకసారి చూడవే" అంది. నాకు తెలిసింది చెప్పి, మిగతాది ఆ డాక్టర్‌నే అడగమన్నాను, మంగళవారం తనతో నేనూ వెళ్తున్నాను.